బెంచీ మీద బాబాయి: ఒక ఛార్జిషీటు

ముందు నేరం ఏంటో చెప్తా. స్విట్జర్లాండ్‌లో బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అని ఒక ఊరుంది, ఆ ఊళ్ళో పడవలాగే చోటుకి కాస్త అవతల ఒక చెక్క బెంచీ ఉంది, ఆ బెంచీ మీద మా బాబాయి రెండు గంటల నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఊరికే. చేతిలో ఫోన్ లేదు, మెడలో కెమెరా లేదు, పోనీ మోకాళ్ళ నొప్పా అంటే అదీ లేదు. ఎందుకు కూర్చున్నావ్ బాబాయ్ అంటే "బావుంది కదరా" అన్నాడు. ఇది నేరం ఒప్పుకున్నట్టే, ఇక సాక్షులతో పన్లేదని నా అభిప్రాయం, కానీ రేప్పొద్దున ఆయన పక్షాన ఎవరైనా లేచి మాట్లాడే ప్రమాదం ఉంది కాబట్టి (మా పిన్ని ఇప్పటికే సగం అటు ఒరిగింది) కేసు మొత్తం మీ ముందు పెడుతున్నా. తేలిగ్గా తీసుకోకుండా చదవమని మనవి.

నేను ఈ ట్రిప్పుకి ఆర్గనైజర్ని. అంటే ఏంటో చాలామందికి తెలీదు. ఏడుగురు మనుషులు, నాలుగు రోజులు, రెండు సరస్సులు, లెక్కలేనన్ని కొండలు, ఒక ఎక్సెల్ షీటు. ఆ షీటులో ఊరి పేరు, ఎత్తు, పాస్‌లో ఉందా లేదా, ఎన్ని నిమిషాలు, ఫొటో ఎక్కడ దిగాలి, చివర్లో అయిందా లేదా అని ఒక గడి. అయితే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు. మూడు నెలలు కూర్చుని తయారుచేశా, ఆఫీసులో ఏ ప్రాజెక్టుకీ అంత ప్రేమగా చెయ్యలేదు. మా మేనేజర్‌కి మాత్రం ఈ విషయం తెలియకూడదు.

భూగోళం కాస్త చెప్పాలి, లేకపోతే నేరం లోతు అర్థం కాదు. ఇంటర్‌లాకెన్ అంటేనే సరస్సుల మధ్య అని అర్థం, లాటిన్ నుంచి వచ్చిందట. తూర్పున బ్రియెంజ్ సరస్సు, సముద్రమట్టానికి 564 మీటర్ల ఎత్తులో. పడమర థున్ సరస్సు, 558 మీటర్లు. ఆరే నది మొదటి దాంట్లోంచి బయటకొచ్చి ఊరి మధ్యగా పారి రెండో దాంట్లో కలుస్తుంది, ఆరు మీటర్లు దిగడానికి ఏమాత్రం తొందరపడదు, బాబాయి టైపు నది. చుట్టూ కొండలు, ప్రతి కొండకీ ఒక రైలో రోప్‌వేనో, ప్రతి రైలు చివరా ఒక వ్యూపాయింటు, ప్రతి వ్యూపాయింటు పక్కనా ఒక కాఫీ హోటలు. ఇంత సదుపాయం పెట్టాక కూడా ఒక మనిషి కిందే బెంచీ మీద కూర్చుంటానన్నాడంటే అది ఆ దేశాన్ని అవమానించడమే కదా. నూట పాతికేళ్ళ పైనుంచి వాళ్ళు కొండలు తొలిచింది ఎవరి కోసం?

ఇప్పుడు పాస్ గురించి. స్విస్ ట్రావెల్ పాస్ కొన్నాం, అందరికీ. దాని ధర ఇక్కడ రాయను, రాస్తే నాకే బీపీ పెరుగుద్ది. ఆ పాస్ ఉంటే రైళ్ళు, బస్సులు, సరస్సు మీద పడవలు ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు. వినడానికి ఇది సౌకర్యంలా ఉంటుంది. కాదు. ఇది ఒక వ్రతం. పాస్ తీసుకున్నవాడు ఆ పూట రైలెక్కకుండా కూర్చుంటే జేబులోంచి ఫ్రాంకులు ఒక్కొక్కటే జారి సరస్సులో పడుతున్నట్టు లెక్క, నాకైతే ఆ చప్పుడు వినపడేది కూడా. అందుకే మొదటిరోజు సాయంత్రం చెయ్యడానికేం లేకపోతే ఒక బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, దిగకుండా, అదే బస్సులో వెనక్కొచ్చాం. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. "ఏ ఊరొచ్చాంరా?" అంది పిన్ని. "పాస్‌లో ఉంది పిన్నీ" అన్నా. తర్వాత ఆవిడ ఇంకేం అడగలేదు.

థున్ నుంచి ఇంటర్‌లాకెన్‌కి రైల్లో అరగంట, పడవలో రెండు గంటల పైనే. పడవ కూడా పాస్‌లో ఉంది కాబట్టి పడవే. అదృష్టం కొద్దీ మాకు దొరికింది బ్లూమ్లిసాల్ప్ అనే పాత ఆవిరి పడవ, 1906 నాటిది, పక్కన చక్రాలు తిరుగుతా వెళ్ళుద్ది, లోపల ఇంజను ఆడుతుంటే పైనుంచి వంగి చూడొచ్చు, ఇత్తడి భాగాలు తళతళ మెరిసేలా తుడిచి పెట్టారు. ఓబెర్‌హోఫెన్ కోట నీళ్ళలోకి దిగి కాళ్ళు కడుక్కుంటున్నట్టు ఉంటుందట, స్పీట్జ్ దగ్గర ద్రాక్షతోటల మధ్య ఇంకో కోట ఉంటుందట. ఉంటుందట అని ఎందుకంటున్నానంటే మేమందరం నిద్రపోయాం. ఉదయం ఐదింటికి లేపాను మరి. బాబాయి ఒక్కడే ఆ ఇంజను దగ్గర నిలబడి రెండు గంటలూ చూసొచ్చాడు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆ థున్ సరస్సు అడుగున ఏముందో తెలుసా? మందుగుండు. 1918 నుంచి 1964 దాకా స్విస్ సైన్యం తనకి అక్కర్లేని బాంబులూ తూటాలూ తీసుకెళ్ళి సరస్సుల్లో పడేసింది, థున్‌లోనూ బ్రియెంజ్‌లోనూ కూడా, వేల టన్నులు. వాటిని తియ్యడమా ఉంచడమా, తీస్తే ఎలా తియ్యాలి అని 2024లో ప్రభుత్వం జనాన్నే ఐడియాలడిగింది, మంచి ఐడియాలకి మొత్తం 50,000 ఫ్రాంకుల బహుమతులు కూడా పెట్టింది. ప్రపంచమంతా ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకునే నీళ్ళని ఇంటివాళ్ళు మాత్రం అటక లాగా వాడుకున్నారన్నమాట. పైన మా పడవ, మధ్యలో చేపలు, అడుగున అటక. ఈ వార్త నేను ఫోన్లో చదివి వినిపిస్తే పిన్ని రెండు కాళ్ళూ బెంచీ పైకి పెట్టుకుంది. బాబాయి మాత్రం "పైకి బానే ఉంది కదరా" అన్నాడు.

వ్యూపాయింటు సంగతికొద్దాం. వ్యూపాయింటు అంటే వ్యూ చూసే చోటు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకోసం చెప్తున్నా, వ్యూపాయింటు అంటే వ్యూకి వీపు పెట్టి నిలబడే చోటు. హార్డర్ కుల్మ్ ఎక్కాం, 1,322 మీటర్లు, 1908లో వేసిన తాడు రైలు పది నిమిషాల్లో నిట్టనిలువుగా లాక్కెళ్ళిపోద్ది. పైన కొండ అంచు దాటి గాల్లోకి చొచ్చుకెళ్ళే ప్లాట్‌ఫారం ఉంది, అక్కణ్ణుంచి రెండు సరస్సులూ రెండు పక్కలా కనపడతాయి, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలు. రాక్షసుడు, సన్యాసి, కన్య. రాక్షసుడి చేతికి కన్య చిక్కకుండా మధ్యలో సన్యాసి కాపలా కాస్తున్నాడని జనం చెప్పుకునే కథ. మా గ్రూప్ ఫొటోలో రాక్షసుడు మా బావమరిది టోపీ వెనకా, సన్యాసి పిన్ని శాలువా వెనకా పోయారు, కన్య ఒక్కతే మా ఆవిడ చెవి పక్కన కొంచెం మిగిలింది. క్యూ ఎంతుందంటే ప్లాట్‌ఫారం కొస దాకా పోవడానికి ఇరవై నిమిషాలు, అక్కడ నిలబడే వాటా నలభై సెకన్లు. దర్శనం కాగానే వెనకవాళ్ళు తోస్తారు, మనకి అలవాటే కాబట్టి ఇబ్బంది పళ్ళేదు, ఇంకెవరో జుట్టు పీక్కుంటున్నారు గానీ మనవాళ్ళు మాత్రం చెప్పులెక్కడ విడవాలి అన్నట్టు ప్రశాంతంగా ఉన్నారు.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ గురించి తక్కువ రాస్తా, నొప్పి ఇంకా తగ్గలేదు. 3,454 మీటర్లు, యూరప్‌లో ఇంతకంటే ఎత్తు రైల్వే స్టేషన్ లేదు. 1896లో మొదలుపెట్టి 1912లో పూర్తిచేశారు, తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు లైనులో ఏడు కిలోమీటర్ల దాకా సొరంగమే. పాస్ ఉన్నా పై దాకా ఫ్రీ కాదు, 25 శాతం తగ్గింపు మాత్రమే, అసలు టికెట్టేమో రాను పోను రెండొందల ఫ్రాంకుల పైన. నా షీటులో ఇది ట్రిప్పు మొత్తానికి కిరీటం, దాన్ని ముదురు ఆకుపచ్చ చెయ్యడానికి రంగు కూడా విడిగా ఎంచిపెట్టుకున్నా. పైకెళ్ళాం. తెలుపు. ముందు తెలుపు, వెనక తెలుపు, ఇరవై కిలోమీటర్లకి పైగా పొడవున్న అలెచ్ హిమానీనదం ఉండాల్సిన చోట తెలుపు. మేఘం లోపల నిలబడి ఉన్నామన్నమాట, తలనొప్పి అదనం. అలాగని వదిలేస్తామా, ఆ తెల్లటి గోడ ముందు అందరం వరసగా నిలబడి ఫొటో దిగాం, చూసినవాళ్ళు పాస్‌పోర్టు ఫొటోలా అంటున్నారు. మబ్బు పడితే ఎక్కొద్దని, పైనున్న కెమెరా బొమ్మ పొద్దున్నే చూసుకుని మరీ బయల్దేరాలని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ రోజు షీటులో మంగళవారం అని ఉంది.

అక్కడ గోడమీద ఆ రైలు కథ రాసి ఉంటే బాబాయి మా పెద్దాడి చేత చదివించుకున్నాడు. ఈ రైలు ఆలోచన అడోల్ఫ్ గయర్-జెల్లర్ అనే వ్యాపారిది, పని నడుస్తుండగానే 1899లో పోయాడు, పూర్తయ్యాక చూసే యోగం లేకపోయింది. బాబాయి ఆ మనిషి బొమ్మ ముందు కాసేపు నిలబడి, "పాపం ఆయనా చూళ్ళేదు, మనమూ చూళ్ళేదు" అన్నాడు. అంత ఖర్చుపెట్టి తీసుకెళ్ళిన నా మొహం మీద అనాల్సిన మాటేనా ఇది.

లౌటర్‌బ్రున్నెన్ లోయలో 72 జలపాతాలున్నాయంటారు. నేను 72 నిమిషాలు కేటాయించా. ఒక్కోదానికి నిమిషం, ఎవరికీ అన్యాయం జరగకూడదు. దాదాపు 300 మీటర్ల నుంచి దూకే ష్టౌబాఖ్ దగ్గర మా ఆవిడ రెండు నిమిషాలు నిలబడితే ఆ బాకీ ఇంకో జలపాతం దగ్గర కోసేశా. ట్రూమెల్‌బాఖ్ అని ఇంకోటుంది, అది కొండ కడుపులో పడుద్ది, పైనున్న మూడు శిఖరాల మంచు కరిగిన నీళ్ళన్నీ దాంట్లోంచే, సెకనుకి 20,000 లీటర్ల దాకా అట, రాయి లోపల నిలబడితే కాళ్ళకింద నేల వణుకుతుందట. దానికి విడిగా ప్రవేశ రుసుం ఉంది. పాస్‌లో లేదు కాబట్టి మా కుటుంబం దాన్ని జలపాతంగా గుర్తించలేదు. అక్కణ్ణుంచి పైకి, కార్లు తిరగని మ్యూరెన్, దానికింద గిమ్మెల్‌వాల్డ్. గిమ్మెల్‌వాల్డ్‌లో మనిషి లేని కొట్టొకటి ఉంది, కావాల్సింది తీసుకుని డబ్బులు డబ్బాలో వేసి పోవాలి. మా బావమరిది అక్కడ జున్నుముక్క తీసుకుని, డబ్బులేసి, బేరమాడ్డానికి ఎవరూ లేరని బాధపడ్డాడు.

ఇక ఇసెల్ట్‌వాల్డ్. నేరం జరిగిన స్థలం. ఓ నాలుగొందల మంది ఉండే ఊరు, సరస్సులోకి చొచ్చుకొచ్చిన చిన్న ముక్క, చెక్క ఇళ్ళు, కిటికీల్లో ఎర్రపూలు. కొన్నేళ్ళ కింద ఒక కొరియన్ సీరియల్లో హీరో ఇక్కడ నీళ్ళమీదకి కట్టిన చెక్క వంతెన కొసన కూర్చుని పియానో వాయించాడు. అంతే, ఊరి పని అయిపోయింది. బస్సులకి బస్సులు దిగడం మొదలైంది, చివరికి 2023లో ఊరివాళ్ళు ఆ వంతెన మొదట్లో తిరిగే గేటు పెట్టేశారు, మనిషికి 5 ఫ్రాంకులు కడితేనే లోపలికి. మా ఏడుగుర్లో ఆ సీరియల్ చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా కట్టాం. గేటుందంటే లోపల ఏదో ఉన్నట్టే కదా, లేకపోతే గేటెందుకు పెడతారు? ఆరుగురికి 30 ఫ్రాంకులు. ఏడోవాడు కట్టనన్నాడు. "నీళ్ళు ఇక్కణ్ణుంచి కూడా కనపడుతున్నాయి కదరా" అన్నాడు. మా వెనక క్యూలో ఉన్న పాతికమందికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఒక్క మాటతో ఊరి ఆదాయం పడిపోయేది.

వంతెన మీద ఇంకో ఇబ్బందొచ్చింది. ఫొటో దిగుతుంటే వెనకింట్లో ఒక పెద్దావిడ కిటికీ తెరిచి పూలకుండీలకి నీళ్ళు పొయ్యడం మొదలెట్టింది. ఫ్రేములో ఆవిడ, ఆవిడ ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా. ఆ పక్కనే తాడు మీద రెండు దుప్పట్లు, ఒక లుంగీలాంటిది. మా బావమరిది చేత్తో సైగ కూడా చేశాడు, కొంచెం లోపలికి జరగమ్మా అని. ఆవిడ జరగలేదు. తన ఇల్లేననుకోండి. అయినా బాధ్యత అనేది ఒకటుంటుంది కదా, ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు వస్తున్నప్పుడు పట్టపగలు బట్టలారేసుకుంటారా? ఈ ప్రాంతంలో పల్లెల్లో మనుషులు కాపురాలుండటం అనేది చాలాకాలంగా పట్టించుకోకుండా వదిలేసిన సమస్య అని నేను నమ్ముతున్నా. ట్రాక్టరు నడుపుతారు, ఎరువు చల్లుతారు, ఆవులకి గంటలు కడతారు. ఆదివారం కొట్లు మూసుకుంటారు, రాత్రి పదయ్యాక మనం బాల్కనీలో అంత్యాక్షరి ఆడుకుంటే వచ్చి తలుపు కొడతారు. పైగా 2024లో లౌటర్‌బ్రున్నెన్ వాళ్ళు కార్లలో వచ్చి పోయేవాళ్ళ దగ్గర ఊళ్ళోకి రావడానికే ఫీజు తీసుకుందామా అని ఆలోచిస్తున్నట్టు వార్తలొచ్చాయి. వాళ్ళ ఇంటి ముందు మనం కారు ఆపడం, వాళ్ళ గేటెక్కి ఫొటో దిగడం ఇవన్నీ మనం ఫ్రీగా చేసిపెడుతుంటే ఎదురు మనల్నే అడుగుతారా.

పరిష్కారం లేకపోలేదు, ఆ సరస్సు అవతలి కొసనే ఉంది. బ్రియెంజ్ దగ్గర బాలెన్‌బెర్గ్ అని ఆరుబయలు మ్యూజియం, 1978 నుంచి నడుస్తోంది. దేశం నలుమూలల నుంచి వంద పైన పాత ఇళ్ళు, పశువుల కొట్టాలు, ధాన్యపు గాదెలు విప్పి తెచ్చి మళ్ళీ యథాతథంగా నిలబెట్టారు. ఇల్లుంటుంది, ఇంటాయన ఉండడు. పొయ్యి ఉంటుంది, కోడలి గొణుగుడు ఉండదు. కిటికీలోంచి ఎవరూ నీళ్ళు పొయ్యరు. నన్నడిగితే పల్లె అంటే అది. మిగతా ఊళ్ళన్నిటినీ ఆ పద్ధతిలోకి మార్చేసి, ఊరివాళ్ళకి కొండ వెనకాల, వ్యూలోకి రాని చోట క్వార్టర్లు కట్టిస్తే రెండు పక్షాలకీ మంచిది. పొద్దున వచ్చి డ్యూటీ చేసుకుని పోవచ్చు.

అవుట్‌డోర్ యాక్టివిటీలు లేకుండా పోతే పరువు ఉండదు కాబట్టి అవి కూడా పెట్టా. మా బావమరిది పారాగ్లైడింగ్ చేశాడు, ఇంటర్‌లాకెన్ నడిమధ్యలో హోహెమాట్ అనే పెద్ద పచ్చిక బయలు ఉంది, ఇళ్ళూ హోటళ్ళూ కట్టకూడదని 1864లోనే ఊరివాళ్ళు కలిసి కొనిపెట్టుకున్నారు, ఆకాశంలోంచి మనుషులు ఇప్పుడు దాంట్లో దిగుతుంటారు. మావాడూ దిగాడు. వీడియోలో మొదట్నుంచీ చివరిదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, వీడియో మాత్రం చాలా క్లారిటీగా వచ్చింది. నీసెన్ అనే కొండకి తాడు రైలు పట్టాల పక్కన 11,674 మెట్లున్నాయి, ఏడాదికోసారి పరుగు పోటీ పెట్టినప్పుడు తప్ప జనాన్ని ఎక్కనివ్వరు, ఆ సంగతి తెలిసి మా పిన్ని స్విస్ ప్రభుత్వానికి చేతులెత్తి దండం పెట్టింది.

నడక మాత్రం తప్పదు కదా. అక్కడ దారుల్లో పసుపు బోర్డులుంటాయి, ఎన్ని కిలోమీటర్లో రాయరు, ఎంతసేపో రాస్తారు. ఇసెల్ట్‌వాల్డ్ నుంచి గీస్‌బాఖ్ జలపాతం దాకా నీళ్ళ పక్కనే చెట్ల నీడలో దారి, గంటన్నర. ఎవరి గంటన్నర అన్నది బోర్డు చెప్పదు. సమతలం మీద గంటకి 4.2 కిలోమీటర్లు నడిచే మనిషిని లెక్కలోకి తీసుకుంటారట, ఆ మనిషికి పిన్ని లేదు, పిల్లలు లేరు, అడుగడుక్కీ ఆగి రీల్ చేసే బావమరిది లేడు. బయల్దేరేముందు బాబాయి అన్నాడు, "మీరు నడవండి, నేను తర్వాత పడవలో వచ్చి అక్కడ కలుస్తా" అని. మంచిదే, పడవ పాస్‌లో ఉంది. నమ్మాను.

రెండు గంటలకి గీస్‌బాఖ్ చేరాం. పద్నాలుగు అంచెలుగా దూకే జలపాతం, పైన పాతకాలపు పెద్ద హోటలు, హోటల్నుంచి రేవుకి 1879 నాటి తాడు రైలు, యూరప్‌లో ఇలాంటి వాటిలో బాగా పాతది. ఇవన్నీ బాబాయికి ఇష్టమైన సరుకే, ఆయనకోసమే షీటులో వేశా. రేవులో ఆయన లేడు. ఫోన్ చేస్తే పిన్ని హ్యాండ్‌బ్యాగులో మోగింది.

పిన్ని మొహం చూడాలి. నలభై ఏళ్ళ కాపురంలో ఈయన ఇలా ఎక్కడా తప్పిపోలేదంది. పడవ పట్టుకుని వెనక్కి బయల్దేరాం. ఇసెల్ట్‌వాల్డ్ దగ్గరపడుతుంటే దూరం నుంచే కనపడ్డాడు, బెంచీ మీద, రెండు చేతులూ వెనక్కి చాపి, కాలు మీద కాలేసుకుని. మేం రైలింగ్ పట్టుకుని అరుస్తున్నాం, పిన్ని "ఏవండీ!" అని అరిచిన అరుపుకి పక్కనున్న జర్మన్ దంపతులు ఐస్‌క్రీం కిందపెట్టారు. ఆయన చెయ్యి ఊపాడు. మమ్మల్ని చూసి కాదు. ఆ మధ్యాహ్నం నుంచీ వచ్చిన ప్రతి పడవకీ అలాగే ఊపుతున్నాట్ట, తర్వాత తెలిసింది. తను ఎక్కాల్సిన పడవ వచ్చింది, తాడు విసిరారు, కట్టారు, మెట్లపలక వేశారు, ముగ్గురు దిగారు, పలక తీశారు, తాడు విప్పారు, వెళ్ళిపోయింది, ఆయన ఇదంతా చూసి చెయ్యి ఊపాడు.

"ఎక్కలేదేం బాబాయ్?"

"ఎక్కితే కనపడదు కదరా."

"ఏంటి కనపడంది?"

"పడవ."

ఇంత జరిగాక హోటల్లో ఆ రాత్రి విచారణ పెట్టాను. ముద్దాయి మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. నేను సాక్ష్యాలు తీశా, నా ఫోన్లో నాలుగు రోజులకి 1,412 ఫొటోలు, ఇదీ కష్టపడటమంటే అని చూపిద్దామని టీవీకి కలిపా. మొదటి ఫొటోకే మా చిన్నది "ఇదెక్కడ డాడీ?" అంది. థున్ సరస్సు అన్నా. బావమరిది కాదు బ్రియెంజ్ అన్నాడు. మా ఆవిడ ఇది అసలు సరస్సు కాదు, హోటల్ స్విమ్మింగ్ పూల్ అంది. జూమ్ చేశాం, తేల్లేదు. బాబాయి ముద్ద దించకుండానే, "బ్రియెంజ్" అన్నాడు. ఎలా చెప్తున్నావ్ అంటే, ఈ నీళ్ళు సున్నం కలిపిన పచ్చగా ఉంటాయి, నిన్నటివి ఇంకా నీలం, దీంట్లో ఏదో పొడి కలుస్తోందిరా అన్నాడు. ఫోన్లో వెతికా. నిజమే, మంచుకొండలు రాళ్ళని రాసి రాసి పిండి చేస్తాయి, ఆరే, ల్యూచినె నదులు ఆ పిండిని తెచ్చి ముందు ఈ సరస్సులోనే పోస్తాయి, నీళ్ళలో తేలే ఆ నలుసుల మీద వెలుతురు పడి చెదరడం వల్ల ఆ రంగు. ఈయనకి జర్మనూ రాదు, గూగులూ రాదు.

అక్కడితో ఆగాడా. మూడింటికి మబ్బొచ్చినప్పుడు నీళ్ళు ముందు అవతలి ఒడ్డు నుంచి నల్లబడుతూ వచ్చాయన్నాడు. పడవలో తాడు విసిరే కుర్రాడు ఎడమచేతి వాటమన్నాడు. కిటికీ పెద్దావిడ దుప్పట్లు తీసేటప్పుడు ఒక క్లిప్పు నోట్లో పెట్టుకుందట, అచ్చం పిన్నిలాగే. వంతెన మీద మా తర్వాత వచ్చిన ఒక జంట ఫొటో దిగాక గొడవపడి, చెరో వైపు చూస్తూ బస్సెక్కారట. బెంచీ మీద పక్కన ఒక ముసలాయన వచ్చి కూర్చుని ఒక ఆపిల్ కోసి సగం ఈయనకిచ్చాట్ట, ఇద్దరూ మాట్లాడుకోలేదు, తినేశారు. పిల్లలిద్దరూ టీవీ వదిలేసి ఆయన మంచం మీదకి చేరిపోయారు. నా ప్రజెంటేషన్ మూడో ఫొటో దగ్గరే ఆగిపోయింది.

ఇవేవీ రికార్డులోకి తీసుకోనని అప్పుడే స్పష్టంగా చెప్పా. క్లిప్పు, ఆపిల్ ముక్క, ఎడమచెయ్యి, వీటికి షీటులో గడి లేదు. గడి లేనిది జరిగినట్టు కాదు. శిక్ష కూడా రాసిపెట్టా. ఆయన వదిలేసిన పడవ ప్రయాణం ఒకటి, గీస్‌బాఖ్ తాడు రైలు ఒకటి, దిగని వంతెన ఫొటో ఒకటి, మూడు గడులూ ఎరుపు, నాలుగు రోజుల ట్రిప్పులో నా షీటు మొహాన ఉన్న ఎరుపంతా ఆయనదే. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మాత్రం ఆకుపచ్చే పెట్టా, వెళ్ళాం కదా.

తిరిగొచ్చి రెండు నెలలైంది. మొన్న బాబాయి ఫోన్ చేశాడు. మళ్ళీ ఎప్పుడైనా అటు వెళ్తే తనని కూడా తీసుకెళ్ళమన్నాడు. ఈసారి ఏం చూస్తావ్ అంటే, పొద్దుటిపూట చూళ్ళేదురా అన్నాడు. మనం వెళ్ళిందే మధ్యాహ్నం కదా, పొద్దున పూట ఎండ ఇటునుంచి వస్తుంది, అప్పుడు ఎలా ఉంటుందో అని. తర్వాత కాసేపాగి, ఆ బెంచీకి ముందే బుక్ చేసుకోవాలా, వెళ్తే దొరుకుద్దా అని అడిగాడు.

పాస్‌లో ఉందేమో చూసి చెప్తా అన్నా.